చుక్క తరువాతి చోటు

వాక్యము ముగిసిన పిమ్మట ఎంత చోటు విడువవలెను? ఈ ప్రశ్న విని నవ్వువారు నవ్వవచ్చును. తెలుగు సంఘపు సంచికలో వ్రాయుటకు త్యాగరాజస్వామి కలడు, మధురలో తిరుమల నాయకుని మహలు కలదు, వలసవచ్చిన పెద్దల కథలు కలవు. ఇవియన్నియు నుండగా ఖాళీ చోటును గూర్చి వ్రాయుట యేమని అడుగవచ్చును. అయితే ఆ స్వామిని గూర్చియు ఆ మహలును గూర్చియు పెద్దలు వ్రాసిన వ్యాసములను మన పిల్లలు చదువగలుగుచున్నారా యను ప్రశ్న దీనితో ముడిపడి యున్నది. ముప్పదియేండ్లకు పైగా టైపు మిషను ముందు, తరువాత కంప్యూటరు ముందు గుమాస్తాగా కూర్చున్నవారము గనుక మాకు తెలిసిన ఈ చిన్న సంగతినే విమర్శకు తీసికొంటిమి.

మేము మేట్టుపాళయములో టైపు నేర్చినది 1970ల చివర. ఆ కాలమున పదవ తరగతి ముగించి ఉద్యోగము కోరువానికి రెండు కాగితములు కావలసియుండెను. ఒకటి ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకము, రెండవది టైపు లోయరు సర్టిఫికెట్టు. లోయరునకు నిమిషమునకు 30 మాటలు, హయ్యరునకు 45 మాటలు. వేగముకంటె ముందు మాస్టరు నేర్పినది చోటు విడుచుటయే. కామా తరువాత ఒకటి, ఫుల్‌స్టాపు తరువాత రెండు. ఒకటితో ఊరకున్నచో స్కేలుతో వ్రేళ్లమీద దెబ్బ పడెడిది. ఎందులకు రెండని అడిగినవాడు మా తరగతిలో ఒక్కడును లేడు.

కారణము మిషనులోనే కలదు. ఇంగ్లీషు టైపు మిషనులో సన్నని 'ఐ' అక్షరమునకును వెడల్పైన 'డబ్ల్యు' అక్షరమునకును ఒక్కటే కొలత. పైకా మిషను అంగుళమునకు 10 అక్షరములు, ఎలీటు మిషను 12 అక్షరములు కొట్టును. చుక్కకు సైతము ఒక అక్షరమంత గడియే. సన్నని అక్షరములకు ఇరుప్రక్కల ఖాళీ మిగులును గనుక మాటల లోపలనే సందులేర్పడును. చుక్క తన గడిలో ఒంటరిగా నిలుచును. మాటల నడుమ ఒక గడి, వాక్యముల నడుమను ఒక గడియే యైనచో కంటికి భేదము తెలియదు. అందుచేతనే రెండవ గడి.

దీనికి తోడు స్టెన్సిలు. సర్క్యులరు నూఱు ప్రతులు కావలసినచో మైనపు కాగితమును మిషనునకు తగిలించి, రిబ్బను తప్పించి కొట్టెడివారము. అక్షరము కొట్టినచో గీత పడును. చుక్కను గట్టిగా కొట్టినచో కాగితమునకు తూటు పడి, ఆ తూటిలో సిరా దిగి, ప్రతిమీద మిరియపు గింజంత మచ్చ యేర్పడును. కాబట్టి చుక్కను మెల్లగా కొట్టుమని పెద్ద గుమాస్తాలు హెచ్చరించెడివారు. మెల్లగా కొట్టిన చుక్క అనేక ప్రతులలో అసలు కనబడదు. అప్పుడు వాక్యము ముగిసినదని చెప్పునది ఆ రెండు గడుల ఖాళీ మాత్రమే. దస్తావేజునకు సాక్షి సంతకమెట్టిదో, చుక్కకు ఆ చోటు అట్టిదని మాకు ఆ దినములలో తెలిసినది.

ఇప్పుడు టైపు మిషనులు పోయినవి. మన దేశమున 1955లో తొలి టైపు మిషను చేసిన గోద్రెజ్‌వారే 2009లో వాని తయారీ నిలిపివేసిరి. మిషను పోయినను, ఆ రెండు గడులు ఉండవలెనా పోవలెనా యను వాదము ఇంగ్లీషువారిలో చాల దినములు సాగినది. అమెరికాలోని మనస్తత్వశాస్త్రజ్ఞుల సంఘమువారు 2009లో తమ రచనావిధుల పుస్తకమున చిత్తుప్రతులకు రెండు చోట్లు మేలనిరి; 2019 నాటి కూర్పులో ఒకటి చాలుననిరి. 2020లో మైక్రోసాఫ్టువారి వర్డు రెండు చోట్లను తప్పుగా చూపింపసాగెను. 2018లో అచ్చటి పరిశోధకులు కొందఱు 60 మంది విద్యార్థుల చూపును యంత్రముతో గమనించి, రెండు చోట్లు కొట్టు అలవాటు గలవారికి మాత్రము చదువు రవంత వేగమైనదని ప్రకటించిరి. ఆ పరీక్షకు వాడినది టైపు మిషను అక్షరములను బోలిన సమాన వెడల్పు అక్షరములు. చదివినవారు కళాశాల విద్యార్థులు. కూడబలుకుకొని చదువు పిల్లవానిని గూర్చి ఆ పరీక్ష ఏమియు చెప్పదు.

అచ్చు పుస్తకముల మాటకు వచ్చినచో ఇంగ్లీషువారికి ఒక చోటే చాలును. దానిని మేమును ఒప్పుకొందుము. అచ్చక్షరములలో 'ఐ'కి తగినంత చోటే, 'డబ్ల్యు'కు తగినంత చోటే యుండును గనుక మాటలలో వెలితి యుండదు. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి: వారి వాక్యము పెద్ద అక్షరముతో మొదలగును. చుక్క చెరిగినను, చోటు తగ్గినను, ముందున్న పెద్ద అక్షరము తలయెత్తి క్రొత్త వాక్యము వచ్చినదని చెప్పును. మన లిపిలో పెద్ద అక్షరము లేదు. 'అ' ఎచ్చటనున్నను 'అ'యే. వారికి చుక్క, చోటు, పెద్ద అక్షరము అని మూడు గుఱుతులుండగా మనకు ఉన్నవి రెండే. మూడు గలవారు ఒకదానిని తగ్గించుకొనిరని రెండు గలవారమును తగ్గించుకొందుమనుట లెక్క తెలిసినవారి మాట కాదు. తమిళ లిపికిని పెద్ద అక్షరము లేదు. కాని తమిళము మన పిల్లలు బడిలోను బజారులోను బస్సుమీదను రోజంతయు చదువుచున్నారు. వారి కన్ను దానికి అలవాటు పడినది.

ఇచ్చట పండితులు ఒక ఆక్షేపణ చేయుదురు. మన పూర్వులు మాటకు మాటకు నడుమనైన చోటు విడువలేదు గదా, వారు చదువలేదా యని. నిజమే. రేనాటి చోళుల నాటి కలమళ్ల, ఎఱ్ఱగుడిపాడు శాసనములు 6వ శతాబ్దికి చెందినవి; మాటలు విడదీయక అక్షరముల వరుసగానే అవి నడచినవి. తాటాకు గ్రంథములును అంతియే. ఆకుమీద గంటముతో చుక్క పెట్టినచో చిల్లి పడును. తమిళ తాళపత్రములలో హల్లులమీది పుళ్ళిని పలుమాఱు విడిచివేయుటకు ఇదియే కారణమని చెప్పుదురు. మైనపు కాగితముమీద మేము పడిన బాధయే వారును పడిరన్నమాట. నిలుపవలసిన చోట ఒక నిలువుగీతయో, జంటగీతయో గీచెడివారు. ఆకు నడుమ త్రాడు దూర్చు రంధ్రము చుట్టు విడిచిన చోటునకును అర్థమునకును సంబంధము లేదు.

అయినను వారికి ఇబ్బంది కలుగకపోవుటకు కారణములు కలవు. పద్యమునకు గణములు, యతి, ప్రాస కలవు. పాదమెచ్చట ముగియునో చెవి చెప్పును. పద్యమునకు ముందు 'క', 'సీ', 'ఉ' అని వ్రాసినచో క్రొత్త పద్యము వచ్చినదని తెలియును. వచనమునకు ఈ సదుపాయము లేదు. వచనమును గూర్చి మాటాడు హక్కు దక్షిణదేశపు తెలుగువారమైన మనకు కొంత కలదని మా నమ్మకము. రాయవాచకము మధుర నాయకుల కొలువులో పుట్టినదని పరిశోధకులు తలచుచున్నారు. 1706 మొదలు 1732 వఱకు ఏలిన విజయరంగ చొక్కనాథుడు శ్రీరంగ మాహాత్మ్యమును, మాఘ మాహాత్మ్యమును వచనముననే రచించెను. పద్యమే కావ్యమనుకొను కాలమున వచనమునకు కొలువిచ్చినది మధుర, తంజావూరు సీమలు. ఆ వచనము చోటు లేకయే ఎట్లు నిలిచినదనగా, క్రియతో నిలిచినది. 'వచ్చి', 'చూచి', 'విన్నవించి' అని అసమాపక క్రియలతో సాగి సాగి, చివరకు 'అనెను' అనియో 'చేసిరి' అనియో సమాపక క్రియ వచ్చినప్పుడు వాక్యము తనంతట తాను ఆగును. పైగా ఆ గ్రంథమును చదువువాడు బిగ్గఱగా చదువును, పదిమంది విందురు. చదువువానికి విషయము ముందే తెలిసియుండును.

ఈ రెండును మనకిప్పుడు లేవు. బిగ్గఱగా చదువువారు మన యిండ్లలో ఎందఱు? ఇక క్రియ సంగతి. తెలుగులో క్రియ లేని వాక్యములు కొల్లలు. 'మా ఊరు మేట్టుపాళయము. మా తాతగారు మండీ వర్తకులు. తండ్రిగారు రైల్వే ఉద్యోగి.' ఈ మూడు వాక్యములలో ఒక్క క్రియయు లేదు. ఇది మన నోటి తెలుగే. వీని నడుమ చుక్కలు చెరిగి చోటు తగ్గినచో 'మేట్టుపాళయము మా తాతగారు' అని యొక వింత పుట్టును. 'రాముడు వచ్చెను నిన్న సీత పోయెను' అని వ్రాసినచో నిన్న వచ్చినది రాముడా, నిన్న పోయినది సీతయా? క్రియలు రెండును చక్కగా నున్నవి గాని 'నిన్న' ఏ యింటి పిల్లయో చెప్పగలిగినది ఖాళీ చోటు మాత్రమే.

తెలుగునకు అచ్చు మొదట వచ్చినది మన దేశమున గాదు. మద్రాసులో పనిచేసి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ అను జర్మను మతాచార్యుడు 1746 ప్రాంతమున హాలె నగరమున తెలుగు పుస్తకములు అచ్చువేయించెను. పిమ్మట శ్రీరాంపూరున కేరీ వ్యాకరణము 1814లో, మద్రాసున కాంబెల్ వ్యాకరణము 1816లో, బ్రౌనుదొర నిఘంటువు 1852లో వెలువడెను. చుక్కయు కామాయు ఇంగ్లీషు అచ్చుతో పాటు మన పుటలలోనికి వచ్చినవి. వానిని తెచ్చుకొన్నవారము వానితో కూడ వచ్చిన చోటును మాత్రము సరిగా తెచ్చుకొనలేదు. వ్యాకరణము సంధి చేయుమనును, అచ్చు విడదీయుమనును. ఈ రెండింటి నడుమ నలిగినవాడు కంపోజిటరు.

ఇక మన సంఘముల సంచికలను విమర్శింతము. మా యింటి బీరువాలో కోయంబత్తూరు, మధుర సీమల వివిధ సంఘముల సంచికలు పలు సంవత్సరములవి కలవు. వ్యాసములు మంచివి, శ్రమపడి వ్రాసినవి. పుట చూచినచో మాత్రము గుమాస్తా ప్రాణము చివుక్కుమనును. కొన్నింట చుక్కకు ముందు చోటు విడిచి తరువాత విడువలేదు. దాని ఫలమేమనగా, పంక్తి నిండినప్పుడు చుక్క ఒంటరిగా క్రింది పంక్తి తలకెక్కి కూర్చుండును. పిల్లవాడు ఆ చుక్కను చూచి క్రొత్త వాక్యమునకు అదియే గుఱుతు కాబోలు ననుకొనును. ఇది చిన్న తప్పుగాని మేము చూచినవానిలో ఇంతకంటె కన్నునకు ముల్లైనది లేదు. మఱికొన్నింట రెండంచులును సమముగా నుండవలెనని పంక్తులను సాగదీసిరి. తెలుగు మాటలు పొడవైనవి; పంక్తికి నాలుగైదు మాటలే పట్టును. సాగదీసినచో ఆ మూడు నాలుగు సందులును బావులవలె వెడల్పగును, వాక్యాంతపు చోటు వానిలో కలిసిపోవును. దీనికి కూర్చినవానిని తిట్టి లాభము లేదు. ఆ పని చేయునది పలుమాఱు తెలుగు చదువనేరని తమిళ కుఱ్ఱవాడు; వ్రాతప్రతిలో ఉన్నది ఉన్నట్లు అతికించును. సరిచూడవలసినది మనము.

అన్నింటికంటె పెద్ద చిక్కు ఇనీషియళ్లది. ఆంధ్రదేశమున ఇంటిపేరు ముందు వ్రాసికొందురు. మనము ఈ సీమ ఆచారమున తండ్రి పేరులోని అక్షరమును, కొందఱు దానికి ముందు ఊరి అక్షరమును పెట్టుకొందుము. ఇంటిపేరు పెండ్లి సంబంధములు చూచునప్పుడు తప్ప వెలికి రాదు. కాబట్టి మన సంచికలలో పేరునకు రెండు చుక్కలు తప్పవు. సభా నివేదికలో ఇట్లుండును: 'వందనము సమర్పించినది కే. ఆర్. నాయుడుగారు. వి. టి. రాజుగారు పాట పాడిరి.' ఇందులో చుక్కలు ఆరు, వాక్యాంతములు రెండే. అన్ని చుక్కల తరువాతను ఒకే చోటు. మొదటి వాక్యమునకు క్రియ లేదు. మూడవ చుక్క చెరిగినచో వందన సమర్పణము ఇరువురును కలసి చేసినట్లగును, పాట పాడినది ఎవరో తెలియదు. పెద్దలకు పేర్లు పరిచయమే గనుక చిక్కులేదు. ఇరువది యేండ్ల తరువాత ఆ నివేదిక తెఱచి తన ముత్తాత పాట పాడెనా, వందనము చెప్పెనా యని వెదకువానికి? మన చరిత్రకు ఈ సంచికలు తప్ప వేఱు కాగితము లేని కుటుంబములు ఎన్నియో కలవు. పెండ్లి శుభలేఖలలో 'చి. ల. సౌ.' సంగతియు ఇంతియే; మూడు చుక్కలు, మూడు చోట్లు, నాలుగవచోట పిల్ల పేరు.

పిల్లల స్థితిని తలచినప్పుడు మాకు ఈ సంగతి చిన్నదిగా తోచదు. 2006 నాటి తమిళము నేర్చుకొను చట్టము ప్రకారము 2006-07లో ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట తమిళము తప్పనిసరియైనది. దానిపై న్యాయస్థానములలో అభ్యర్థనలును నడచినవి. చట్టమును విమర్శించుట మా పని గాదు. తమిళము రాక ఈ సీమలో బ్రతుకు లేదు, రావలసినదే. ఫలితము మాత్రము కన్నుల ముందున్నది. తెలుగు చదువు బడినుండి ఇంటికి, ఇంట అవ్వ ఒడిలోనికి చేరినది. అవ్వకు ఓపిక యున్నంత వఱకే ఆ బడి. అట్లు నేర్చిన పిల్ల అక్షరము అక్షరముగా చదువును. వాక్యము చివరకు వచ్చుసరికి మొదలు మఱచును. ఎచ్చట ఊపిరి తీసికొనవలెనో పుట చెప్పవలెను. చెప్పకపోయినచో రెండు పంక్తులు చదివి, 'అవ్వా, ఇది నాకు తెలియలేదు' అని పుస్తకము మూసివేయును. భాష కష్టమని మనము అనుకొందుము. పుట కష్టమని మా అభిప్రాయము.

తమిళ లిపిలో అచ్చైన త్యాగరాజ కీర్తనలను జూడుడు. క, గ భేదము తెలియుటకు అంకెలు వేసి ఎంతో శ్రమపడిరి. పదచ్ఛేదము దగ్గఱ మాత్రము పలుచోట్ల జాఱిరి. ఒక మాట తోక రెండవ మాటకు అంటుకొనును. సభలో విద్వాంసుడు అచ్చటనే ఊపిరి తీసికొని పాడును, తెలుగెఱిగిన శ్రోత తల వంచుకొనును. పాడువాని గొంతులో దోషము లేదు. 'మా తాతగారు' అన్నది 'మాతా తగారు' ఐనచో ఎంత శ్రుతి కలిసిననేమి?

మఱి రెండు చోట్లు కొట్టుమందురా యని అడిగినచో, టైపు మిషను అక్షరములకు రెండే యని మా మాట. అచ్చు పుటలో రెండు నిండు చోట్లు కొట్టినచో పుటకు తూట్లు పడినట్లు తెల్లని మచ్చలు కనబడునని కూర్చువారు చెప్పు మాట నిజమే, మేమును చూచితిమి. అచ్చునకు ఒకటిన్నర చాలును. అంతకంటె సులభమైన ఉపాయము, పైసా ఖర్చు లేనిది, ఒకటి కలదు. వాక్యాంతపు చోటును పెంచుటకు ముందు, ఇనీషియళ్ల చోటును తీసివేయవలెను. 'కే.ఆర్. నాయుడుగారు', 'చి.ల.సౌ.' అని దగ్గఱగా కూర్చినచో మిగిలిన చోటు తనంతట తాను పెద్దదిగా కనబడును. కుడి అంచు సమముగా లేకున్నను ప్రమాదము లేదు. పిల్లల పుటలలోనైన పంక్తులను సాగదీయక విడువవలెను. చుక్క మాటకు అంటియుండవలెను. 'లో', 'కు', 'తో' వంటి ప్రత్యయములను మాటనుండి విడదీయరాదు. గ్రాంథికము వ్రాయు మావంటివారును సంధులు కొంత తగ్గించుకొనవలెను. 'చేయవలసియున్నదనియాతడు' అని పంక్తి పొడుగునా రైలుపెట్టెలవలె తగిలించుట పాండిత్యమే గాని, ఆ రైలు కూనూరు కొండ ఎక్కునది గాదు.

కాగితపు ఖర్చు పెరుగునని కార్యదర్శులు అనవచ్చును. వాక్యమునకు అర చోటు పెంచినంత మాత్రమున నూఱు పుటల సంచికకు పెరుగునది చాల స్వల్పము. రంగు ప్రకటనల నడుమ మిగులు ఖాళీ దానికంటె ఎక్కువ.

ఇప్పటి సెల్‌ఫోనులలో చోటు మీటను రెండుమాఱులు నొక్కినచో పలు ఫోనులలో చుక్క తానే పడి, దాని తరువాత ఒక చోటు ఏర్పడును. మా మాస్టరు చెప్పిన రెండు దెబ్బలు ఇట్లు మిగిలినవి. మనుమలు ఆ విధముగనే తమిళమునను ఇంగ్లీషునను సందేశములు పంపుకొందురు. తెలుగున పంపువారు తక్కువ. పంపినను ఇంగ్లీషు అక్షరములతో.

ఈ వ్యాసమును మేము కంప్యూటరుమీద కొట్టి, చుక్క తరువాత రెండు చోట్లు విడిచి సంఘమువారికి పంపుచున్నాము. కూర్చువారు వానిని ఒకటిన్నరగా తగ్గించుకొనవచ్చును. ఒకటి చేసినను కలహింపము. సభా నివేదికను కూర్చునప్పుడు మాత్రము ఇనీషియళ్లను దగ్గఱగా జరిపి, ఒక ప్రతి తీసి, అచ్చునకు పంపుటకు ముందు సంఘములోని పదేండ్ల పిల్ల యొకతెచేత బిగ్గఱగా చదివించి, ఆమె తడబడిన చోటులనెల్ల ఎఱ్ఱ పెన్సిలుతో గుఱుతుపెట్టి దిద్దుకొనవలెనని మనవి.